నూనె తెలుసు... గింజ తెలుసా?

పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ లేని వంటిల్లు విశాఖలో అరుదు. ఆ నూనెనిచ్చే గింజను నోట్లో వేసుకుని నమిలినవాళ్లు మాత్రం తక్కువే. గుప్పెడు గింజల్లో ఏముంది? ఏం లేదు? ఎవరు, ఎంత, ఎలా తినాలి?

సాయంత్రం ఆరు గంటలు. విశాఖ ఆర్కే బీచ్. ఇసుకలో పిల్లల పరుగులు, గట్టు మీద పెద్దల కబుర్లు. మురీ మిక్చర్ బండి దగ్గర గిన్నెలో గరిటె టకటకలాడుతోంది. మరమరాలు, ఉల్లిముక్కలు, టమాటా, వేరుశెనగ గుళ్లు, చిటికెడు కారం, పైన నిమ్మకాయ పిండుడు... పొట్లం తయారు! పక్క బండి మీద ఉడకబెట్టిన వేరుశెనగ కాయలు. ఆ పక్కన నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు. ఇన్ని రకాల కాలక్షేపాల్లో ఒక్కటి మాత్రం కనిపించదు. అదే పొద్దుతిరుగుడు గింజ!

రష్యాలోనో ఉక్రెయిన్‌లోనో అయితే దృశ్యం వేరు. మనకు వేరుశెనగ పొట్లం ఎలాగో వాళ్లకు వేయించిన పొద్దుతిరుగుడు గింజల పొట్లం అలాగ. పార్కు బెంచీ మీద కూర్చుని, పంటితో పొట్టు పగలగొట్టి, పప్పు నమిలి, పొట్టు ఊసేస్తూ గంటలు గడిపేస్తారు. స్పెయిన్‌లో, చైనాలో కూడా అంతే. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లు మైదానంలోనే ఈ గింజలు నములుతూ కనిపిస్తారు.

మురీ మిక్చర్ తింటూ అదే బీచ్‌లో నాలుగడుగులు వేస్తే కురుసుర జలాంతర్గామి కనిపిస్తుంది. అది 1969 డిసెంబరులో సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో భారత నౌకాదళంలో చేరింది. తమాషా ఏమిటంటే, నూనె కోసం పండించే పొద్దుతిరుగుడు రకాల విత్తనాలు మన దేశానికి వచ్చింది కూడా ఆ 1969లోనే, అదే సోవియట్ యూనియన్ నుంచే! ఆ తర్వాత పదేళ్లకు, 1979లో, విశాఖ ఉక్కు కర్మాగారానికి సోవియట్ సహకార ఒప్పందం కుదిరింది. అలా ఒకే దేశం నుంచి మూడు వచ్చాయి. జలాంతర్గామి 2002లో మ్యూజియంగా మారి పిల్లలకు పాఠమైంది. ఉక్కు ఊరికి పేరైంది. మూడోది మాత్రం సగమే మన ఇంట్లోకి వచ్చింది. నూనె వచ్చింది... గింజ రాలేదు.

సగం గింజ ఓడెక్కలేదు

పొద్దుతిరుగుడు పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి ఆదివాసులు నాలుగు వేల ఏళ్లకు పూర్వమే దీన్ని సాగు చేశారు. వాళ్లకు అది పువ్వు కాదు, ఆహారం. గింజల్ని దంచి పిండి చేసుకునేవారు. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు దాన్ని ఐరోపాకు పట్టుకెళ్తే అక్కడ చాలాకాలం పెరటి తోటలకు అందమైంది. దాన్ని పెద్ద ఎత్తున నూనె పంటగా మార్చింది రష్యా. అక్కడి శాస్త్రవేత్త పుస్తొవొయిట్ ఏళ్ల తరబడి ఎంపిక చేసి గింజలో నూనె శాతాన్ని బాగా పెంచారు. మన దేశానికి 1969లో వచ్చినవి ఆ కోవకు చెందిన రకాలే.

మన నేలా దాన్ని ఆదరించింది. కర్నూలు, అనంతపురం, కడప, ప్రకాశం జిల్లాల్లో చేలన్నీ పచ్చటి పూలతో నిండిపోయిన రోజులున్నాయి. నంద్యాల పరిశోధన స్థానంలో, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థలో హైబ్రిడ్లు తయారయ్యాయి. 1990ల తొలి సగంలో దేశం మొత్తం మీద పాతిక లక్షల హెక్టార్లు దాటిన ఈ పంట, ఆ తర్వాత క్రమంగా కుంచించుకుపోయింది. నెక్రోసిస్ తెగులు, పిట్టల బెడద, చవగ్గా దిగుమతయ్యే నూనె... మూడూ కలిసి రైతును వెనక్కి లాగాయి.

ఇప్పుడు మన వంటింట్లోని పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఓడల్లో వచ్చేదే. తూర్పు తీరంలోని రేవుల్లో దిగి, శుద్ధి అయి, ప్యాకెట్లలోకి చేరుతుంది. 2022 ఫిబ్రవరిలో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే విశాఖలో ఇల్లాలి చేతిలోని సరుకుల చీటీ ఎందుకు కంగారుపడిందో గుర్తుందిగా! అప్పటికి మన దేశం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో మూడింట రెండొంతులకు పైగా ఉక్రెయిన్‌దే. తర్వాత రష్యా నుంచి తెచ్చుకోవడం పెరిగింది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. గింజను ఆడించినప్పుడు నూనె ఒకవైపు, చెక్క మరోవైపు వెళ్తాయి. మాంసకృత్తులు, పీచు, మెగ్నీషియం, ఇనుము, జింకు వంటివన్నీ దాదాపుగా చెక్కలోనే ఉండిపోతాయి. ఆ చెక్క పశువుల దాణా అవుతుంది. నూనెలో మిగిలేది కొవ్వు, దానితోపాటు కొంత విటమిన్-ఇ. అంటే మన రేవుకు వచ్చిన ఓడలో ఉన్నది సగం గింజే. 'మేం సన్‌ఫ్లవరే వాడతాం, గుండెకు మంచిది కదా' అని నిశ్చింతగా ఉండేవాళ్లు ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఈ తేడానే. నూనె తిన్నంత మాత్రాన గింజ తిన్నట్టు కాదు.

గుప్పెట్లో ఏముంది?

పొట్టు తీసిన, ఉప్పు కలపని గింజలు ఒక గుప్పెడు, అంటే సుమారు 30 గ్రాములు తీసుకుందాం. చెంచాలతో కొలిస్తే మూడు పెద్ద చెంచాలు. అందులో ఉండేవి దాదాపుగా ఇవీ:

శక్తి 175 కిలో క్యాలరీలు. మాంసకృత్తులు 6 గ్రాములు. కొవ్వు 15 గ్రాములు. పీచు రెండున్నర గ్రాములు. విటమిన్-ఇ 10 మిల్లీగ్రాములు. మెగ్నీషియం 95 నుంచి 100 మిల్లీగ్రాములు. ఇనుము, జింకు ఒక్కొక్కటి ఒకటిన్నర మిల్లీగ్రాములు. వీటితోపాటు బి1, బి6, ఫోలేట్, సెలీనియం, రాగి కూడా చెప్పుకోదగ్గంత ఉంటాయి.

వీటిలో మొదట చెప్పుకోవాల్సింది విటమిన్-ఇ గురించి. వంద గ్రాముల బాదంలో అది సుమారు 25 మిల్లీగ్రాములుంటే, వేరుశెనగలో 8 ఉంటుంది. పొద్దుతిరుగుడు గింజల్లో 35! పెద్దవాళ్లకు రోజుకు కావలసిన విటమిన్-ఇ దాదాపు మొత్తం ఒక్క గుప్పెడుతో సరిపోతుంది. బాదం కొనలేకపోతున్నామే అని బెంగపడే తల్లులకు ఇది శుభవార్తే.

విటమిన్-ఇ చేసే పనేమిటి? శరీరంలో ప్రతి కణానికీ కొవ్వుతో చేసిన పల్చటి పొర ఉంటుంది. విశాఖలో ఇనుప గేటుకు సముద్రపు గాలి తగిలి తుప్పు పట్టినట్టే, ఆ పొరకూ ఆక్సిజన్ చర్యల వల్ల ఒక రకం తుప్పు పడుతుంది. గేటుకు రంగు వేస్తాం. కణానికి ఆ రంగు పని చేసేది విటమిన్-ఇ.

అలాగని మందుల షాపుకెళ్లి విటమిన్-ఇ మాత్రలు తెచ్చుకుని మింగేయకండి. మాత్రలతో గుండెపోటును ఆపొచ్చేమోనని పెద్ద పెద్ద అధ్యయనాలు జరిగాయి. 2000 సంవత్సరంలో వెలువడిన 'హోప్' అధ్యయనంలో అధిక మోతాదు విటమిన్-ఇ మాత్రలు గుండెకు ఏ మేలూ చేయలేదని తేలింది. 2011లో వచ్చిన 'సెలెక్ట్' అధ్యయన ఫలితాల్లో, ఆ మాత్రలు వాడిన మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ కాస్త ఎక్కువగానే కనిపించింది. కాబట్టి మాత్ర వేరు, గింజ వేరు. గింజలో ఆ విటమిన్ ఒంటరిగా ఉండదు. పీచు, ఖనిజాలు, మంచి కొవ్వులు తోడుగా ఉంటాయి. మోతాదూ ప్రకృతి కొలిచిందే.

పేరు వినబడని ఖనిజం

కాల్షియం గురించి అందరికీ తెలుసు. మెగ్నీషియం గురించి అడిగేవాళ్లు తక్కువ. కండరాలు బిగుసుకుని మళ్లీ వదులవడానికి, నాడులు సవ్యంగా పనిచేయడానికి, గుండె లయ తప్పకుండా కొట్టుకోవడానికి, ఇన్సులిన్ తన పని తాను చేయడానికి మెగ్నీషియం కావాలి. పాలిష్ పట్టిన తెల్ల బియ్యంలో తవుడుతోపాటు ఇదీ చాలావరకు వెళ్లిపోతుంది. మూడు పూటలా తెల్లన్నమో, ఆ బియ్యంతో చేసిన ఇడ్లీ, దోసెలో తినే ఇళ్లలో ఈ లోటు పడే అవకాశం ఉంది.

భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్కల ప్రకారం మగవాళ్లకు రోజుకు 440, ఆడవాళ్లకు 370 మిల్లీగ్రాముల మెగ్నీషియం అవసరం. గుప్పెడు గింజలు అందులో పావు వంతు దాకా అందిస్తాయి. మిగిలింది ఆకుకూరలు, పప్పులు, చోళ్లు చూసుకుంటాయి. మధుమేహం, రక్తపోటు ఉన్నవాళ్లకు అందుకే ఈ గింజలు నేస్తాలు. నేస్తాలే... మందులు కాదు. వేసుకునే బిళ్లను మానేసి గింజలు మొదలెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

ఉక్కు నగరంలో ఇనుము కొరత

ఇనుప ఖనిజం కొండలు కొండలుగా తరలి వచ్చే ఊరు విశాఖ. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని నినదించి సాధించుకున్న కర్మాగారం ఇక్కడే ఉంది. అయినా మన ఇళ్లలో ఆడవాళ్ల ఒంట్లో ఇనుము కరవు! అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా, నూటికి దాదాపు 59 మంది, రక్తహీనతతో ఉన్నారు. మెట్లెక్కితే ఆయాసం, చీటికీ మాటికీ నీరసం, జుట్టు రాలడం... 'పని ఎక్కువైంది' అనుకుని సర్దుకుపోతారు.

పొద్దుతిరుగుడు గింజలు తింటే రక్తం పడుతుందని చాలామంది చెబుతుంటారు. ఎంత నిజం? లెక్క చూద్దాం. గుప్పెడు గింజల్లో ఇనుము ఒకటిన్నర మిల్లీగ్రాములు. రుతుక్రమం ఉన్న మహిళకు రోజుకు కావలసింది 29. పైగా గింజల్లోని ఇనుము మొత్తం ఒంటికి పట్టదు. కాబట్టి రక్తహీనత ఉన్న అమ్మాయికి గింజల డబ్బా ఇచ్చి ఊరుకుంటే కాలయాపన తప్ప ప్రయోజనం లేదు. రక్త పరీక్ష చేయించాలి. డాక్టరు చెప్పిన ఐరన్ మాత్రలు చెప్పినన్నాళ్లు వాడాలి. గింజలు ఆ పనిలో చేయి సాయం మాత్రమే.

ఆ సాయం పూర్తిగా అందాలంటే ఓ చిట్కా ఉంది. మురీ మిక్చర్ బండివాడు చివర్లో నిమ్మకాయ పిండుతాడే, అదే! సి విటమిన్ తోడైతే గింజల్లోని, ఆకుకూరల్లోని ఇనుము ఇంకాస్త బాగా ఒంటికి పడుతుంది. అదే టీ తాగుతూ తింటే ఇనుము పట్టడం తగ్గుతుంది. కాబట్టి గింజలకూ టీకీ మధ్య గంటైనా ఎడం ఉండనివ్వండి.

గుండెకు మంచిదేనా?

గింజలోని కొవ్వులో ఎక్కువ భాగం అసంతృప్త కొవ్వే. వనస్పతి, డాల్డా, నెయ్యి వంటి గట్టి కొవ్వుల స్థానంలో ఇలాంటివి చేరితే రక్తంలో చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. గింజల్లో ఉండే ఫైటోస్టెరాల్స్ అనే పదార్థాలు పేగుల్లో కొలెస్ట్రాల్‌తో పోటీపడి దాన్ని లోపలికి పోనీయకుండా కొంత అడ్డుకుంటాయి. ఇవన్నీ గుండెకు మేలు చేసేవే.

అయితే 'స్థానంలో' అన్న మాటను గీత గీసి చదువుకోవాలి. పకోడీలు, జంతికలు, బజ్జీలు యథాప్రకారం తింటూ, పైన గుప్పెడు గింజలు కూడా తింటే గుండెకు మేలు జరగదు... నడుముకు కొలత పెరుగుతుంది! గుప్పెడు గింజల శక్తి దాదాపు మూడు ఇడ్లీలంత అని మరవకూడదు.

జాతీయ పోషకాహార సంస్థ మనకు దూరంగా ఏం లేదు. హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. పెద్దగా ఒళ్లు వంచని పని చేసే మనిషికి రోజుకు నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలని, గింజలూ నట్స్ 30 గ్రాములకు అటూ ఇటూగా తినొచ్చని ఆ సంస్థ చెబుతోంది. దీన్ని సరుకుల చీటీలోకి మార్చి చూడండి. నలుగురున్న ఇంటికి నెలకు నూనె మూడున్నర లీటర్లు దాటకూడదు. మీ ఇంటికి ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయి? అయిదా? ఆరా? అయితే గుండె గురించి ఆలోచించాల్సింది గింజల దగ్గర కాదు... మూకుడు దగ్గర! ఆ పై ప్యాకెట్లలో ఒకటి తగ్గించి, ఆ డబ్బుతో గింజలు కొనుక్కుంటే రెండు వైపులా లాభమే.

ఇందులో లేనివీ ఉన్నాయి

ఏ గింజా సంపూర్ణ ఆహారం కాదు. పొద్దుతిరుగుడు గింజల్లో కాల్షియం తక్కువ. వంద గ్రాముల్లో 80 మిల్లీగ్రాములైనా ఉండదు. పొట్టుతో ఉన్న నువ్వుల్లో అది పది రెట్లకు పైనే. చోళ్లలో కూడా మూడొందలు దాటుతుంది. ఉత్తరాంధ్ర ఇళ్లలో తరతరాలుగా తాగే చోడి అంబలిని వదిలేసి గింజల వెంట పడితే ఎముకలు నష్టపోతాయి.

అలాగే ఇందులోని కొవ్వు ప్రధానంగా ఒమేగా-6 రకం. ఒమేగా-3 దాదాపు లేదనే చెప్పాలి. అది కావాలంటే అవిసె గింజలు తినాలి. చేపలు తినే ఇళ్లవారికి ఇక బెంగే లేదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వచ్చే కవళ్లు, కనగర్తలు ఉండగా వేరే ఖరీదైన మాత్రలెందుకు? ఖరీదైన చేప కన్నా ఈ చిన్న చేపల్లోనే మంచి కొవ్వు ఎక్కువ.

ఇంకో మాట. పొద్దుతిరుగుడు గింజలు ఖరీదనిపిస్తే దిగులుపడక్కర్లేదు. మాంసకృత్తులు వేరుశెనగలో ఇంకాస్త ఎక్కువ. కాల్షియం నువ్వుల్లో ఎక్కువ. వంట చేసేటప్పుడు పారేసే గుమ్మడి గింజల్లో జింకు, మెగ్నీషియం దండిగా ఉంటాయి. అవన్నీ కలిపి వంతుల వారీగా తింటే ఒక్కటే గింజ రోజూ తినడం కన్నా మేలు.

రాత్రి షిఫ్టు ఆకలికి...

విశాఖ నిద్రపోని ఊరు. స్టీలు ప్లాంటులో సి షిఫ్టు, రేవులో రాత్రి పని, ఆస్పత్రుల్లో నైట్ డ్యూటీ. అర్ధరాత్రి రెండింటికి ఆకలేస్తుంది. క్యాంటీన్‌లో టీ, సమోసా, బిస్కెట్లు చేతికందుతాయి. అవి తిన్న అరగంటకు కునుకు, తెల్లవారేసరికి గుండెల్లో మంట. ఇల్లు చేరాక నిద్ర పట్టదు. ఏళ్ల తరబడి రాత్రి షిఫ్టులు చేసేవాళ్లలో బరువు, మధుమేహం, గుండె జబ్బుల ముప్పు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇలాంటివాళ్ల టిఫిన్ సంచిలో చిన్న డబ్బాడు గింజలు, ఒక జామకాయో అరటిపండో ఉంటే సమోసా జోలికి పోవాల్సిన పని ఉండదు. గింజల్లోని మాంసకృత్తులు, పీచు, కొవ్వు నెమ్మదిగా జీర్ణమవుతాయి. కడుపు నిండినట్టు చాలాసేపు ఉంటుంది. రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. డబ్బా చిన్నది అన్నది మాత్రం ముఖ్యం. సంచీడు గింజలు ముందు పెట్టుకుంటే మాటల్లో పడి ఎంత తిన్నామో తెలియదు.

కొనేటప్పుడు... దాచేటప్పుడు

పొట్టుతో ఉన్నవీ, పొట్టు తీసినవీ రెండూ దొరుకుతాయి. పొట్టువి ఒక్కొక్కటీ ఒలుచుకుని తినాలి కాబట్టి తక్కువ తింటాం. అయితే పొట్టు మింగకూడదు. అది జీర్ణం కాదు. పిల్లలు పొట్టుతో సహా ఎక్కువగా మింగితే పేగులో ఉండకట్టి అడ్డుపడే ప్రమాదమూ ఉంది.

ఉప్పు వేసి వేయించిన ప్యాకెట్ల కన్నా ఉప్పు లేని పచ్చి గింజలే కొనండి. రోజు మొత్తానికి ఉప్పు అయిదు గ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ, అప్పడం, ఎండుచేప ఉన్న మన భోజనంలో ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. ఇక గింజలకూ ఉప్పెందుకు?

చాలా ముఖ్యమైన హెచ్చరిక ఒకటుంది. విత్తనాల దుకాణంలో నాటడానికి అమ్మే గింజలు ఎంత తాజాగా కనిపించినా సరే, తినకూడదు. వాటికి పురుగు మందులు, తెగుళ్ల మందులు పట్టించి ఉంటారు. రంగు పూసి ఉండేది అందుకే. పల్లె నుంచి వచ్చిన సంచిలో అలాంటివి మిగిలితే పిల్లలకు అందకుండా చూడాలి. చిలకల కోసం అమ్మే గింజలూ మనుషుల కోసం శుభ్రపరిచినవి కావు.

ఇక దాచడం. సముద్రం పక్కన ఉన్న ఊరు. గాలి నిండా తేమ. పొట్టు తీసిన గింజను అలా వదిలేస్తే దానిలోని నూనె త్వరగా పాడవుతుంది. మూత తీయగానే పాత నూనె వాసన వచ్చినా, నమిలితే చేదుగా తగిలినా అది పనికిరాదు. బూజు ఛాయ కనిపిస్తే 'కడిగి ఎండబెడదాం' అనుకోకుండా మొత్తం పారేయాలి. బూజులో కాలేయానికి హాని చేసే విషాలుండొచ్చు. అందుకే చవగ్గా వస్తున్నాయని కిలోలకు కిలోలు కొనకండి. నెలకు సరిపడా కొని, గాలి చొరని డబ్బాలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టండి. వారానికి కావలసినన్ని మాత్రమే బయటకు తీసి, సన్నటి సెగ మీద చిటపటలాడేదాకా వేయించుకోండి. మాడితే రుచీ పోతుంది, విటమినూ తగ్గుతుంది.

వంటింట్లోకి ఇలా

కొత్త పదార్థం కదా అని కొత్త వంటలు నేర్చుకోనక్కర్లేదు. వేరుశెనగ గుళ్లు, నువ్వులు వాడే చోటల్లా ఇవి ఒదిగిపోతాయి.

ఇడ్లీలోకి చట్నీ: వేయించిన గింజలు సగం, వేరుశెనగ గుళ్లు సగం తీసుకుని పచ్చిమిర్చి, చింతపండు, కాస్త ఉప్పుతో రుబ్బి తాలింపు పెట్టుకోండి. కొబ్బరి లేకుండానే చిక్కటి చట్నీ వస్తుంది.

అన్నంలోకి పొడి: ఒక కప్పు గింజలకు ఎనిమిది ఎండుమిర్చి, చెంచాడు జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, గోలీకాయంత చింతపండు. అన్నీ విడివిడిగా వేయించి, చల్లారాక బరకగా పొడి కొట్టాలి. ఎక్కువ తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. బీరకాయ, కాకర, అరటికాయ కూరల్లో నువ్వుల పొడికి బదులు ఇది చల్లుకోవచ్చు.

పిల్లలకు ఉండలు: వేయించిన గింజలు, నువ్వులు, వేయించిన చోడిపిండి సమంగా తీసుకుని, అనకాపల్లి బెల్లం లేత పాకంలో కలిపి ఉండలు చుట్టండి. బెల్లమూ చక్కెరలాంటిదే కాబట్టి రోజుకొక్కటి చాలు.

సాయంత్రం మిక్చర్: బీచ్‌కు వెళ్లలేని రోజు ఇంట్లోనే మరమరాలు, ఉల్లి, టమాటా, కీరా ముక్కలు, రెండు చెంచాల గింజలు కలిపి నిమ్మకాయ పిండండి. నూనె చుక్క అక్కర్లేదు.

ఒక వింత కూడా చూస్తారు. గింజల పొడిని పిండిలో కలిపి, వంటసోడా వేసి కేకో బ్రెడ్డో చేస్తే లోపల పచ్చరంగు రావొచ్చు. పాడైపోయిందని కంగారుపడకండి. గింజలోని క్లోరోజెనిక్ ఆమ్లం సోడాతో కలిస్తే అలా రంగు మారుతుంది. తిన్నా ఏమీ కాదు. సోడా తగ్గించి కాస్త నిమ్మరసం వేస్తే ఆ రంగు రాదు.

ఎవరు జాగ్రత్తపడాలి?

అయిదేళ్లలోపు పిల్లలకు గింజలు గింజలుగా ఇవ్వకూడదు. గొంతులోకి జారి శ్వాసనాళంలో ఇరుక్కోవచ్చు. మెత్తగా పొడి చేసి జావలో, పెరుగన్నంలో కలిపి పెట్టండి. పళ్లు లేని పెద్దవాళ్లకూ అదే మార్గం.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా తినకూడదు. ఈ గింజల్లో భాస్వరం ఎక్కువ, పొటాషియం కూడా ఉంటుంది. తిన్నాక నోరు దురద పెట్టినా, దద్దుర్లు వచ్చినా, ఆయాసం అనిపించినా వెంటనే ఆపేసి ఆస్పత్రికి వెళ్లాలి. అరుదే అయినా కొందరికి ఈ గింజలు పడవు.

మిగతావాళ్లు కూడా గుప్పెడుకు మించొద్దు. అందుకు క్యాలరీలే కాదు, మరో కారణమూ ఉంది. పొద్దుతిరుగుడు మొక్కకు నేలలోని భార లోహాల్ని పీల్చుకునే గుణం ఉంది. ఉక్రెయిన్‌లో చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత, 1990లలో, అక్కడి చెరువు నీటిలోని రేడియోధార్మిక పదార్థాల్ని తొలగించడానికి ఈ మొక్కల్నే తెప్పల మీద పెంచి చూశారు! కాడ్మియం ఉన్న నేలలో పెరిగితే కొంత గింజలోకీ చేరుతుంది. రోజుకు గుప్పెడు తినేవాళ్లు దీనికి భయపడనక్కర్లేదు. దోసిళ్లకొద్దీ తినేవాళ్లు ఆలోచించాలి. అమృతమైనా అతిగా తింటే విషమేనని పెద్దలు ఊరకే అనలేదు.

ఈ ఆదివారం సరుకుల చీటీ రాసేటప్పుడు ఒక చిన్న మార్పు చేసి చూడండి. నూనె దగ్గర ఒక ప్యాకెట్ కొట్టేయండి. దాని కింద పావుకిలో పొద్దుతిరుగుడు గింజలు అని రాయండి. సాయంత్రం బీచ్‌కు వెళ్లేటప్పుడు చిన్న పొట్లం కట్టుకుని జేబులో వేసుకోండి. మురీ మిక్చర్ బండివాడు వద్దంటాడా? 'ఇవీ కాస్త కలుపు బాబూ' అనండి. నిమ్మకాయ ఎలాగూ పిండుతాడు!